రెండోసారి ముంచిన రొట్టె

కార్తీకం పోయిన మొదటి ఆదివారం, పగలు ఒంటి గంటా పది నిమిషాలకు, మా బావ ఒకసారి కొరికిన రొట్టెముక్కను మళ్ళీ గిన్నెలో ముంచాడు. టైము నాకు బాగా తెలుసు. పన్నెండింటికి వస్తానన్న మండలం నాయకుడు ఇంకా రాలేదు. ఆయన వచ్చేదాకా ఎవరూ విస్తరి ముందు కూర్చోకూడదు. అందుకని అక్కడ ఉన్నవాళ్ళమంతా ఒకరి గడియారం ఒకరం చూస్తూ నిలబడి ఉన్నాం. మా ఇంటాయన గడియారంలో పెద్ద ముల్లు రెండు మీద ఉంది.

అది జరిగి ఏడేండ్లు దాటింది. ఇప్పుడెందుకు రాస్తున్నానంటే, పోయిన వారం మా మరిది దినాలకు వచ్చినవాళ్ళు ఆ రోజు గురించి నోటికొచ్చిన అబద్ధాలు చెప్పారు. "మొదటి గిన్నెలో నేనూ తిన్నా" అని ఒకడు. "నేను మూడు ముక్కలు తిన్నా, ఆ రుచి ఇంగా నాలుక మీదనే ఉండాది" అని ఇంకొకడు. అంగడి సుబ్బయ్య శెట్టి, జన్మలో కోడిగుడ్డు ముట్టనివాడు, "ఆ పొద్దు నేను గూడా..." అని మొదలుపెట్టి, గుర్తొచ్చి, మంచినీళ్ళు అడిగాడు. చచ్చినవాడు లేచొచ్చి నిలదీయడు కదా అని వీళ్ళ ధైర్యం. నేను బతికే ఉన్నాను. నాకు అక్షరాలు ముసలితనంలో వచ్చాయి, కానీ వచ్చాయి.

మా మరిది అంటే మా ఇంటాయన తమ్ముడు. అన్నదమ్ములు ముగ్గురు. పెద్దాయన, మా బావ, రెండుసార్లు సర్పంచి. నడిపివాడు మా ఇంటాయన. ఇద్దరి మధ్య పుట్టినందువల్ల ఏ పక్కా మాట్లాడకుండా బతకడం నేర్చుకున్నాడు. చిన్నవాడు మా మరిది. వేరుశనగ వరుసగా ఎండిపోయిన కాలంలో కువైట్ పోయి, ఒక పెద్ద ఇంట్లో వంటకు కుదిరాడు. మా బావ మాత్రం ఊరందరికీ "మా వాడు కంపెనీలో మేనేజరు" అని చెప్పాడు. ఏం కంపెనీ అని అడిగితే "పెద్ద కంపెనీ" అనేవాడు. రెడ్ల ఇంటివాడు పరాయి ఇంట్లో గరిటె తిప్పుతున్నాడంటే తన మీసం దిగిపోతుందని ఆయన బాధ.

కువైట్ నుంచి తిరిగొచ్చేవాళ్ళు కంబళ్ళు తెస్తారు, సెంటు సీసాలు తెస్తారు. ఈయన ఒక కొయ్య తెడ్డు, ఒక తెల్ల టోపీ తెచ్చాడు. టోపీ ఎందుకో దేవుడికే తెలియాలి, తల మీద వెంట్రుక అనేది లేదు. తెడ్డును తుండుగుడ్డలో చుట్టి చంకలో పెట్టుకుని బస్సెక్కేవాడు. "ఏమన్నా అది, వీణా?" అని కండక్టరు అడిగితే, "దానికంటే మేలైంది" అనేవాడు. నవ్వేవాడు కాదు. తన పొలం ఎండిపోయినా నవ్వే మనిషి, వంట మాట వస్తే మాత్రం పాడె మోసేవాడి మాదిరి మొహం పెట్టేవాడు.

ఏ పెండ్లికి పోయినా ముందు పెండ్లికొడుకును చూసేవాడు కాదు. పందిరి వెనక్కి పోయి, పరాయి వంటవాళ్ళ గుండిగల మూతలెత్తి చూసేవాడు. మణికట్టు వెనక ఒక చుక్క వేసుకుని, నాకి, వాన వస్తుందేమోనన్నట్టు ఆకాశం చూసి, తీర్పు చెప్పేవాడు.

"ఇది ఉడికింది. ఎవురూ వండలా."

అంతే. ఆ మాట విన్న వంటవాళ్ళు రెండుసార్లు ఆయన్ని తరిమారు. ఒకసారి నేను కూడా వెంట ఉన్నాను, నేనూ పరుగెత్తాల్సి వచ్చింది.

ఆయనకు చాలా వంటలు వచ్చని చెప్పుకునేవాడు కానీ, మాకు కనిపించింది ఒక్కటే. దాని పేరు డిప్పు. కువైట్లో ఆ ఇంటి మేడం పార్టీలు ఇచ్చేదట. పార్టీలో అందరూ కూర్చుని తినరట, నిలబడి, చేతిలో అప్పడం లాంటి ముక్క పట్టుకుని, మధ్యలో పెట్టిన వెచ్చటి గిన్నెలో ముంచుకుని తింటారట. గిన్నెలో ఉండేది కరిగిన చీజు, దాంట్లో సాసేజు, అంటే పేగులో కూరిన ఖీమా. వినగానే మా అక్క, అదే బావ పెండ్లాం, ముక్కు మూసుకుంది.

"అందరూ ఒకే గిన్నెలో ముంచుతారా? ఎంగిలి గాదా?"

"ఒకసారే ముంచాల వదినా. కొరికినాక మళ్ళీ ముంచగూడదు. అదే దాని చట్టం. మళ్ళీ ముంచితే గిన్నె ఎత్తేస్తా."

"ఎవరు ముంచినా?"

"నా అత్తగారు ముంచినా."

ఎంగిలి విషయంలో కువైట్ వాళ్ళకూ మాకూ అంత బాగా కుదిరిందని తెలిసి మా అక్క కొంచెం మెత్తబడింది. అయినా తినేది లేదంది.

ఆ ఏడు బావ పొలంలో వేసిన బోరులో నీళ్ళు పడ్డాయి. అంతకుముందు వేసినవన్నీ దుమ్ము కక్కినవే. కాబట్టి పొలంలోనే షామియానా వేసి, పొట్టేలు కొట్టి, కదిరి నుంచి బిర్యానీ మాస్టరును పిలిపించి, మండలం పెద్దలందరికీ విందు అన్నాడు బావ. మా మరిది ఆ విందులో డిప్పు పెడతానన్నాడు.

ముందురోజు శనివారం. వాకిట్లో కూర్చుని గొర్రె పేగులు కడుగుతున్నాడు. ఉప్పూ పసుపూ వేసి రుద్ది, వెదురుపుల్ల మీద తిరగేసి, మళ్ళీ రుద్ది. మా అక్క శనివారం పూట ఇంట్లో పేగులేమిటని గోల. "తినేది ఆదివారమే గదా వదినా" అని ఈయన సమాధానం. ఖీమాలో వెల్లుల్లి, మిరియాలు, ఎండుమిరప, సోపు వేసి పిసికి, గరాటు పెట్టి పేగులో కూరి, జానెడు జానెడుకు పురికొసతో కట్టి, మా అక్క చీరెలు ఆరేసే దండెం మీద ఆరేశాడు. ఊళ్ళో కుక్కలన్నీ వచ్చి వాకిట్లో వరుసగా కూర్చున్నాయి. విందుకు వచ్చినవాళ్ళకంటే అవే మర్యాదగా కూర్చున్నాయి.

"రేపు వీటిని ఏం చేస్తావప్పా?" అన్నాను.

"పేగు చీరి, లోపలి ఖీమా తీసి వేయించాల."

"చీరేదానికి కూరేదెందుకు?"

"పేగులో ఉంటే మసాలా యాడికీ పోదు వదినా. మాగుతాది."

"గిన్నెలో పెట్టి మూతేస్తే కూడా యాడికీ పోదు గదప్పా."

"కువైట్లో మేడం గూడా ఇదే మాట అడిగింది."

"నువ్వేం చెప్పినావు?"

"ఏం చెప్పలా. ఆడ మానుకున్నా. ఈడ అడిగేవాళ్ళుండరని మళ్ళీ మొదలుపెట్టినా."

అప్పుడే బావ వచ్చాడు. దండెం వైపు చూశాడు, కుక్కల వైపు చూశాడు.

"ఏరా, ఆడికి మండలం పెద్దలొస్తాండారు. నా తమ్ముడు వంటోడని వాళ్ళు చూడాల్నా?"

"చూడకపోతే వంటోన్ని కాకుండా పోతానా అన్నా?"

"నోరు మూసుకో. చేస్తే చెయ్. గిన్నె ఆడ పెట్టేసి, తెల్లగుడ్డలేసుకుని నా పక్కన కూర్చో, మేనేజరు మాదిరి. బెంగళూరు హోటలు నుంచి తెప్పించినామని చెప్తా."

"సరే అన్నా. కాకపోతే అది పెట్టేసి పోయేది గాదు. ఉడకగూడదు, చల్లారగూడదు. ఉడికితే నూనె తేలతాది. చల్లారితే బండైతాది. పక్కన నిలబడి కలబెడుతుండాల."

"ఎవున్నో ఒకన్ని నిలబెట్టు."

"సరే అన్నా."

రెండు సరేలు అంత సులువుగా అన్నాడంటేనే నాకు అనుమానం వచ్చింది. ఎందుకంటే ఆయనకు కావలసింది ఏమిటో నాకు తెలుసు. తిరిగొచ్చినప్పటి నుంచి చుట్టుపక్కల విందులకు వంట చేసి బతకాలని ఆయన ఆశ. పిలిచేవాళ్ళు లేక కాదు. సర్పంచి తమ్ముడిని వంటకు పిలిస్తే సర్పంచిని అవమానించినట్టు, రేపు పని పడితే ఆయన గుమ్మం ఎక్కనివ్వడు. అందుకని ఎవరూ పిలవలేదు. అన్న తన నోటితో, పదిమందిలో, వీడు వంట చేస్తాడు అని ఒక్కసారి అనాలి. అనకపోతే ఆ తెడ్డు జీవితాంతం తుండుగుడ్డలోనే.

ఆదివారం పొద్దున బోరు పక్కన రాళ్ళపొయ్యి పెట్టుకున్నాడు. పేగులు చీరి, ఖీమాను దాని కొవ్వులోనే ఎర్రగా వేయించి, కొవ్వు వంచేశాడు. ఉల్లిగడ్డ, టమోటా, నిప్పుల మీద కాల్చిన పచ్చిమిరపకాయలు వేశాడు. మీగడ పెరుగు గుడ్డలో కట్టి షామియానా గుంజకు వేలాడదీసి ఉన్నాడు, నీళ్ళు కారిపోయి అది వెన్నముద్దలా అయింది, అది కలిపాడు. చీజు మాత్రం కదిరి బేకరీలో దొరికేది బట్టల సబ్బు మాదిరి ఉందని, థర్మోకోల్ డబ్బాలో ఐసు పెట్టుకుని బెంగళూరు పోయి తెచ్చాడు. దాన్ని తురిమి, పిడికెడు పిడికెడు వేస్తూ, సన్నటి మంట మీద కలిపాడు. తెడ్డు ఎత్తితే తీగ సాగింది. అప్పుడు గిన్నెను తీసి, వేన్నీళ్ళ గుండిగలో కూర్చోబెట్టాడు. పక్కన జల్లెడలో, ఎండబెట్టి కరకరలాడించిన జొన్నరొట్టె ముక్కలు. గిన్నె చిన్నది. "ఇది అయిపోతే ఇంకొకటి కలుపుతా, ఒకేసారి పెద్దది చేస్తే పాడైతాది" అన్నాడు.

ఇదంతా అయ్యాక పోయి తెల్లగుడ్డలు వేసుకుని వచ్చాడు. తల మీద తెల్ల టోపీ కూడా పెట్టుకున్నాడు. వచ్చి అన్న పక్కన కూర్చోలేదు. గిన్నె పక్కన నిలబడి తెడ్డు పట్టుకున్నాడు.

వచ్చినవాళ్ళంతా దూరం నుంచి చూశారు. వింత జంతువును చూసినట్టు. పక్క పొలం ఓబుళమ్మ "అది గోడలకు పూసేదేమో" అంది. బోరు వేసిన నాగన్న వంగి వాసన చూసి, "మా బండిలో గ్రీసు గూడా ఇట్లనే ఉంటాది" అన్నాడు. ఒక్కడూ రొట్టె పట్టుకోలేదు. పన్నెండు అయింది. పన్నెండున్నర అయింది. నాయకుడు రాలేదు. బిర్యానీ మాస్టరు మూత వేసుకుని బీడీ తాగడానికి పోయాడు. మా మరిది మాత్రం కదలలేదు, కదలడానికి లేదు. నీళ్ళు వేడెక్కితే నిప్పులు లాగుతున్నాడు, చల్లబడితే తోస్తున్నాడు, కలుపుతున్నాడు. ఎవరూ తినని కూరకు అంత సేవ చేసేవాణ్ణి చూస్తే నాకు నవ్వూ వచ్చింది, ఒళ్ళూ మండింది.

చివరికి బావ ఆగలేక వచ్చి, పళ్ళ మధ్య నుంచి అన్నాడు, "టోపీ తియ్యిరా."

"వెంట్రుకలు పడతాయన్నా."

"నీకు వెంట్రుకలు యాడుండాయిరా!"

మా మరిది ఒక రొట్టెముక్క ముంచి, తీగ తెంపి, అన్న చేతికిచ్చాడు. గట్టిగా, అందరికీ వినబడేటట్టు, "ఉప్పు చూడన్నా" అన్నాడు.

ఇక్కడ మా ఇండ్లలో ఒక పద్ధతి చెప్పాలి. విందు వడ్డించే ముందు ఇంటి పెద్ద ఉప్పు చూస్తాడు. చూడనంటే ఆ విందు తనది కాదన్నట్టు. పిలిచిన జనం ముందు ఏ పెద్దా ఆ మాట అనలేడు. మా మరిది ఎంత తెలివైనవాడో నాకు ఆ రోజు తెలిసింది. అంత తెలివి పొలంలో పెట్టి ఉంటే కువైట్ పోయే పని ఉండేది కాదు.

బావ కొరికాడు. నమిలాడు. ఆయన మొహంలో ఏం జరిగిందో చెప్పడం కష్టం. రెండుసార్లు ఎన్నికలు గెలిచినప్పుడు కూడా అట్లా లేదు. చేతిలో సగం ముక్క మిగిలింది. ఆ చెయ్యి, ఆయనను అడగకుండా, మళ్ళీ గిన్నెలోకి పోయింది.

టక్.

తెడ్డు కట్టెతో మణికట్టు మీద కొట్టాడు మా మరిది. రెండుసార్లు సర్పంచి చేసిన మనిషిని, ఆయన పొలంలో, ఆయన బోరు పక్కన.

"ముంచినాక ముంచగూడదన్నా. ఎంగిలి."

బోరు మోటారు కూడా ఆగిపోయిందనుకున్నాను. గిన్నె నుంచి బావ మీసం దాకా చీజు తీగ ఒకటి సాగి ఊగుతూ ఉంది. మా ఇంటాయన తన అలవాటు ప్రకారం ఇంకొక దిక్కు చూశాడు.

కదిరి నుంచి వచ్చిన కాంట్రాక్టరు రామాంజనేయులు మా మరిదిని ఎన్నడూ చూడలేదు. ఆయన గొంతెత్తాడు.

"ఏమప్పా, పెద్దాయన చేతి మీదనే కొడతాడా? ఎవడీ వంటోడు? యాడనుంచి పిలిపించినారు?"

మా మరిది కలపడం ఆపాడు. ఆ రోజు పొద్దుటి నుంచి ఆయన చెయ్యి ఆగింది అప్పుడే. అన్న నోటి వైపు చూస్తున్నాడు. బెంగళూరు హోటలోడు అంటే అయిపోయింది.

బావ మింగాడు. తీగ తుడుచుకున్నాడు. గిన్నె వైపు ఒకసారి చూశాడు.

"నా తమ్ముడప్పా."

"మేనేజరన్నారే?"

"వంట. కువైట్లో వంట చేసినాడు. ఏం, నీకేమన్నా నొప్పా?"

ఇది చూసి అన్నదమ్ముల ప్రేమ అని ఎవరూ కరిగిపోవద్దు. నేను పక్కనే ఉన్నాను. ఒంటి గంట దాటింది, ఆయనకు ఆకలి. కాదంటే తమ్ముడు గిన్నె ఎత్తేస్తాడని భయం. మనిషి నోట్లో నుంచి నిజం రావడానికి అంతకంటే పెద్ద కారణం అక్కర్లేదు.

మా మరిది గిన్నె ఎత్తనే ఎత్తాడు. చట్టం చట్టమే. అయితే పారబోయలేదు. తీసుకొచ్చి అన్న ముందు పెట్టాడు.

"ఇంగ ఇది ఎవురికీ పనికిరాదు. నీ ఎంగిలి. నువ్వే తిను."

బావ ఇనుప పైపుల దొంతి మీద కూర్చుని, ఒళ్ళో గిన్నె పెట్టుకుని, అందరూ చూస్తుండగా తిన్నాడు. ఎవరికీ పెట్టలేదు, పెట్టడానికి లేదు. అప్పటిదాకా గోడకు పూసేది, గ్రీసు అన్నవాళ్ళంతా ఇప్పుడు గుటకలు మింగుతూ నిలబడ్డారు. ఓబుళమ్మ అయితే "ఇంగొక గిన్నె యాడప్పా?" అని రెండుసార్లు అడిగింది. "ఉడకగూడదు, చల్లారగూడదు, తొందర పెట్టగూడదు" అన్నాడు మా మరిది. మూడోది అప్పుడే కల్పించాడు. నాయకుడు రెండింటికి వచ్చాడు. రెండో గిన్నె ఆయన వచ్చాకే తయారైంది. మిగతావాళ్ళు తిన్నది ఆ రెండో గిన్నె.

ఆ తరువాత కదిరిలో ఏ పుట్టినరోజు జరిగినా ఆయన్ని పిలిచారు. పుట్టపర్తిలో ఒక లాడ్జి యజమాని మాంసం లేకుండా చేయమంటే, "అప్పుడది పెరుగు, మీ ఇంట్లోనే ఉంటాది" అని తిరిగొచ్చాడు. బావ, తన ప్రతి మీటింగుకూ తమ్ముడిని పొయ్యి ముందు నిలబెట్టి, "మా ఇంట్లో వంట విద్య మా తాతల నాటి నుంచి ఉండాది" అని చెప్పడం మొదలుపెట్టాడు. వాళ్ళ తాతకు మజ్జిగ చిలకడం కూడా రాదు.

పోయిన నెల మా మరిది కదిరి బస్టాండులో కూర్చున్నచోటే పోయాడు. గుండె. తెడ్డు చంకలోనే ఉంది.

దినాల నాడు ఇష్టమైనవన్నీ విస్తరిలో పెట్టారు. డిప్పు చేయడం ఎవరికీ రాదు. బిర్యానీ మాస్టరు "నేను చూసినా గదా" అని చేశాడు. చూడలేదు, ఆ రోజంతా బీడీ తాగుతున్నాడు. కుతకుత ఉడికించాడు, నూనె తేలింది. కాకి వచ్చింది, గోడ మీద నుంచి తల వంచి చూసింది, ఎగిరిపోయింది. "ఏదో కోరిక మిగిలింది పాపం" అని ఆడవాళ్ళు మొదలుపెట్టారు. కోరికా లేదు ఏమీ లేదు. అది ఉడికింది, ఎవరూ వండలేదు. కాకికి కూడా తెలిసింది.

జనం అబద్ధాలు చెప్పుకుంటుంటే బావ లేచి గిన్నె దగ్గరికి పోయాడు. రొట్టెముక్క ముంచి, కొరికాడు. మిగిలిన సగాన్ని మళ్ళీ గిన్నెలో ముంచి, చెయ్యి అక్కడే ఉంచాడు. చాలాసేపు ఉంచాడు. మణికట్టు మీద తెడ్డు పడలేదు. చెయ్యి తీసి, ముక్కను తినకుండా విస్తరి అంచున పెట్టి, బయటికి పోయాడు.

కాబట్టి రాస్తున్నాను. ఆ ఆదివారం ఒంటి గంటా పది నిమిషాలకు గిన్నె చుట్టూ ఉన్నవాళ్ళు వీళ్ళు: దూరంగా అరటిపండు తింటూ ఉన్న సుబ్బయ్య శెట్టి. గోడకు పూసేదన్న ఓబుళమ్మ. గ్రీసన్న నాగన్న. అరిచిన కాంట్రాక్టరు రామాంజనేయులు. బీడీ తాగడానికి పోయిన బిర్యానీ మాస్టరు మస్తాన్, అంటే ఉండీ లేనివాడు. ముక్కు మూసుకున్న మా అక్క లక్ష్మీదేవమ్మ. దిక్కులు చూసిన మా ఇంటాయన చెన్నారెడ్డి. పైపుల మీద కూర్చుని తిన్న మా బావ గంగిరెడ్డి. టోపీ పెట్టుకున్న మా మరిది. తరువాత ఆ గిన్నె కడిగిన నేను. అడుగున గీకడానికి కూడా ఏమీ మిగల్లేదు.